బీప్ అంటే సెల్యూట్

మధ్యాహ్నం పన్నెండూ పది. పరాయి దేశపు ఓడరేవులో పదిహేడో నంబరు గోడౌన్ ముందు బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు సిగరెట్ వెలిగించుకోవడానికి ఆగాడు. లైటర్ రెండుసార్లు నొక్కాడు. అది సంకేతం. అది చూసి పక్క సందులోంచి మిత్రుడు రావాలి. మిత్రుడికి బదులు సైలెన్సర్ బిగించిన పిస్టల్‌లోంచి తూటా వచ్చింది.

అతని కోడ్ నేమ్ పావురం. అతను ఏ రోజు ఎక్కడ ఆగుతాడో, లైటర్ ఎన్నిసార్లు నొక్కుతాడో అతను, ఆ మిత్రుడు కాక ఇంకో నలుగురికే తెలుసు. మిత్రుడు కూడా అదే సందులో శవమై దొరికాడు కాబట్టి అనుమానించడానికి మిగిలింది ఆ నలుగురే. వాళ్ళు అక్కడికి రెండు వేల మైళ్ళ దూరంలో, కిటికీలు లేని ఒకే గదిలో కూర్చుని ఆ సంగతి మాట్లాడుకున్నవాళ్ళు.

మూడో రోజు, శుక్రవారం ఉదయం, ఆ నలుగురిలో ఒకడైన కెప్టెన్ టేబుల్ మీద ఎర్ర ఫోన్ మోగింది.

"గొడుగు తెచ్చుకున్నావా?" అంది అవతలి గొంతు.

"చిల్లు పడింది సార్."

"అయితే తడుస్తూనే రా."

చేతిలో ఉన్న పని వదిలేసి తక్షణం చీఫ్ గదికి రమ్మని దాని అర్థం. కెప్టెన్ లేచాడు. టేబుల్ అంచు మీద ఎడమ చెయ్యి ఒక్క క్షణం ఆనించి, బరువంతా కుడికాలి మీదికి తెచ్చుకుని, అప్పుడు అడుగు వేశాడు. ఆ ఒక్క క్షణం ఎవరి కంటా పడకూడదని అతని తాపత్రయం. నిజానికి అందరూ చూసేవాళ్ళు. చూడనట్టు ఫైళ్ళలో తల దూర్చేవాళ్ళు.

చీఫ్ బట్టతల మనిషి, మాటల పిసినారి. తలుపు వేయించి నేరుగా విషయంలోకి దిగాడు.

"ఉప్పందుతోంది, కెప్టెన్."

"ఎక్కడినుంచి సార్?"

"నీ గదిలోంచే."

కెప్టెన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ గదికి ఇన్‌చార్జి తనే. డిపార్ట్‌మెంట్‌లో దాన్ని కోడ్ రూమ్ అంటారు. అక్కడి పద్ధతే వేరు. ఆ గదిలో ఏదీ రాయరు. కాగితం నిషేధం, పెన్సిల్ నిషేధం. ప్రతి సోమవారం పదకొండు గంటలకి చీఫ్ వచ్చి తర్వాతి వారం ఎవరు ఎక్కడ ఎవరిని కలవాలో పైకి చదివి వినిపిస్తాడు. రేడియో ఆపరేటర్ అప్పజెబుతాడు. టెలిఫోన్ ఆపరేటర్ అప్పజెబుతుంది. తప్పు వస్తే కెప్టెన్ దిద్దుతాడు. చీఫ్ తన చేతిలోని ఒక్క కాగితాన్నీ అక్కడే కాల్చేసి వెళ్తాడు. కాగితాన్నయితే ఎత్తుకుపోగలరు, మాటనెలా ఎత్తుకుపోతారని ఆ పద్ధతి పెట్టినవాళ్ళ ధీమా. దొంగ మైకుల కోసం రోజూ సాయంత్రం, గది ఖాళీ అయ్యాక, మెషీన్లతో గోడలన్నీ గాలించేవాళ్ళు.

అయినా నాలుగు వారాల్లో మూడు రహస్యాలు బయటికి పోయాయి. రెండుసార్లు మనుషులు దొరికిపోయారు. మూడోసారి పావురం పోయాడు. కొనేది 'గొలుసు' అనే విదేశీ ముఠా అని చీఫ్‌కి తెలుసు. అమ్మేది ఎవరో తెలియదు.

వచ్చే గురువారం పదకొండు గంటలకి త్రివిధ దళాల అధిపతులు ముగ్గురూ ఆ గదికే వస్తున్నారని, తీరప్రాంత రక్షణ ప్లాన్ మొత్తం అక్కడే చదువుతారని చీఫ్ చెప్పాడు. ఆలోగా ఇంటిదొంగను పట్టాలి. తర్వాత సొరుగులోంచి ఒక పసుపు ఫైలు తీసి టేబుల్ మీద పెట్టాడు. దాని మీద కెప్టెన్ నంబరు ఉంది. కింద 'ఫీల్డ్ డ్యూటీకి పునర్నియామకం' అని ఉంది. మెడికల్ బోర్డు సంగతి తను చూసుకుంటానన్నాడు.

కెప్టెన్ ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. మూడేళ్ళుగా అతను కోరుకుంటున్నది ఆ ఒక్క ఫైలే.

మూడేళ్ళ కిందట అతను ఆర్మీలో మందుపాతరలు ఏరే దళంలో ఉండేవాడు. రెండు వందల పద్నాలుగు మందుపాతరలు తన చేతుల్తో తీశాడు. రెండు వందల పదిహేనోది అతని ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేసింది. అయిదు నెలలు ఆసుపత్రి. రెండు ఇనపరాడ్ల మధ్య నడక నేర్చుకోవడం. పడటం, లేవటం, నర్సు చెయ్యి అందిస్తే విదిలించుకోవడం. పదకొండో నెలలో కృత్రిమ కాలు తొడుక్కుని డిపార్ట్‌మెంట్ మెట్లు తనంతట తానే ఎక్కాడు. డాక్టర్లు మెచ్చుకున్నారు. డిపార్ట్‌మెంట్ కూడా మెచ్చుకుని, కుర్చీ చూపించింది. కూర్చున్నాడు గానీ ఆ కుర్చీలో అతనికి ఊపిరాడేది కాదు.

ఆ కాలంటే అతనికి సిగ్గు. అది పోయినందుకు కాదు, దాన్ని జనం చూస్తారేమోనని. ఎండాకాలం కూడా ఫుల్ పాంటే. ఇంట్లో గది గడియ పెట్టుకుని విప్పేవాడు, గడియ పెట్టుకుని తొడుక్కునేవాడు. కట్టుకున్న భార్య కూడా మోకాలి కింద ఏముందో మూడేళ్ళలో ఒక్కసారైనా చూడలేదు.

ఆఫీసులో చేరిన మొదటి రోజే గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ బీప్ అంది. డ్యూటీలో ఉన్న సార్జెంట్, పెద్దమనిషి, ఒకసారి పాంటు పైకి లాగి చూపించమని మర్యాదగానే అడిగాడు. కెప్టెన్ అతన్ని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. దేశం కోసం కాలు పోగొట్టుకున్నవాణ్ణి బట్టలు విప్పమంటావా అని అరిచాడు. సార్జెంట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మర్నాటి నుంచి కెప్టెన్ వస్తే బీప్ వినిపించేది, వెంటనే సార్జెంట్ సెల్యూట్ కొట్టేవాడు. అలా చేయమని ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. అది ఆ గేటు ఆనవాయితీ అయిపోయింది.

శనివారం పదింటికి కెప్టెన్ ఎప్పటిలాగే కృత్రిమ అవయవాల కేంద్రానికి వెళ్ళాడు. ప్రతి శనివారం అక్కడ అతని కాలికి చెక్‌అప్. చేసేది అందరూ మేడమ్ అని పిలిచే స్పెషలిస్టు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తెల్లకోటు కింద నీలం సిల్కు, సన్నని పెర్‌ఫ్యూమ్, స్క్రూ డ్రైవర్ పట్టుకున్నా ఉంగరం కనిపించేలా పట్టుకునే వేళ్ళు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమెకి ఇంకో పేరు ఉంది: ఏజెంట్ మల్లె. గాయపడిన సైనికులకి 'గొలుసు' వల వేస్తోందని అనుమానం వచ్చి, రెండేళ్ళ కిందట చీఫే ఆమెను అక్కడ పెట్టాడు. ఇద్దరు చిల్లర గూఢచారుల్ని ఆమె పట్టి ఇచ్చింది కూడా.

ఆమె ఒక్కదాని ముందే కెప్టెన్‌కి సిగ్గు ఉండేది కాదు. కాలు విప్పి తెర అవతల పెట్టగానే ఆమె దాన్ని లోపలి వర్క్‌షాపులోకి తీసుకెళ్ళేది. అరగంటకి తెచ్చి ఇచ్చేది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకండి, అలైన్‌మెంట్ దెబ్బతింటుందని ప్రతిసారీ చెప్పేది. ఆ సలహా కెప్టెన్‌కి ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ శనివారం ఆమె నవ్వుతూ, ముఖం వెలిగిపోతోంది ఏమిటి సంగతి అని అడిగింది. ఇక్కడ కెప్టెన్ ఒక పని చేశాడు. ఎలాగూ మన మనిషే కదా అనుకుని, గురువారం పదకొండు దాటితే తను కుర్చీ వదిలి ఫీల్డ్‌కి వెళ్తున్నానని చెప్పాడు. ఆ రోజు గదిలోకి ఎవరెవరు వస్తున్నారో కూడా చెప్పాడు. అందమైన ఆడది అడిగింది కదా అని గొప్పకి పోయాడు, అంతే. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

"అంత పెద్దవాళ్ళ ముందు ఈ పాత కాలుతో నిలబడతారా?" అంది మేడమ్. "బుధవారం రండి. కొత్తది బిగిస్తాను."

ఆదివారం కెప్టెన్ వేట మొదలుపెట్టాడు. పెట్టుడు మీసం, కళ్ళద్దాలు, బటన్‌లో కెమెరా. వాటర్ మీటర్ ఇన్‌స్పెక్టర్‌గా టెలిఫోన్ ఆపరేటర్ ఇంట్లో దూరాడు. మంచాన పడ్డ తల్లికి ఆవిడ నవల చదివి వినిపిస్తోంది. తల్లి మధ్యమధ్య నిద్రపోతే ఆవిడ ఆగి, లేచాక మళ్ళీ అదే పేజీ చదువుతోంది. ఇరవై ఫొటోలు తీశాడు. అన్నిట్లోనూ మందు సీసాలే. సాయంత్రం అందరూ తాతగారు అని పిలిచే రేడియో ఆపరేటర్ వెనకాల పడ్డాడు. ఆయన పార్కు బెంచీ మీద కూర్చుని తనతో తానే చదరంగం ఆడుకుని, ఓడిపోయి, ఇంటికి పోయాడు.

ఆధారం దొరక్కపోయేసరికి కెప్టెన్‌కి పంతం పెరిగింది. సోమవారం గేటు దగ్గరే టేబుల్ వేయించి తనిఖీ పెట్టాడు. డ్రైవర్లు, గుమాస్తాలు చూస్తుండగా టెలిఫోన్ ఆపరేటర్ చేత జడ పిన్నులు ఒక్కొక్కటే తీయించాడు. జుట్టు భుజాల మీద పడితే ఆవిడ ముఖం కప్పుకుంది. తర్వాత తాతగారి వంతు. జేబులు ఖాళీ చేసినా మెషీన్ బీప్ మంటూనే ఉంది. నోట్లో ఏముందని కెప్టెన్ గద్దించాడు. ముసలాయన గోడవైపు తిరిగి పళ్ళసెట్టు తీసి, దాని తీగ కొక్కేలు కనపడేలా ట్రేలో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఇరవై ఏళ్ళుగా పక్క కుర్చీలో పనిచేసినవాళ్ళకి కూడా ఆయనవి కట్టుడు పళ్ళని తెలియదు. ఆయన ఏదో అన్నాడు, ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ నవ్వలేదు.

అందరి తనిఖీ అయ్యాక కెప్టెన్ లోపలికి నడిచాడు. బీప్. సార్జెంట్ సెల్యూట్. కెప్టెన్ సెల్యూట్ అందుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. రాస్తున్న నాకే సిగ్గుగా ఉంది.

బుధవారం సాయంత్రం కొత్త కాలుతో ఇంటికి వచ్చాడు. అతని భార్య ముందుగదిలో కుట్టు క్లాసులు చెబుతుంది. అతని పాంట్లన్నీ ఆవిడే కుడుతుంది. చూడకపోయినా ఆ కాలి కొలత ఆవిడకి పావు అంగుళం తేడా లేకుండా తెలుసు. అతను గుమ్మం దాటగానే ఆవిడ కత్తెర ఆపి చూసింది.

"కాలు మార్చారా?" అంది. "పిక్క దగ్గర గుడ్డ పట్టేస్తోంది. పాతదాని కంటే బాగా లావుగా ఉంది. అలా ఎందుకు చేశారండీ?"

పరాయి ఆడది చూసినా పరవాలేదు గానీ పెళ్ళాం అడిగితే మాత్రం అతనికి ఒళ్ళు మండింది. కొలతలు నీ క్లాసులో చెప్పుకో, నా కాలి జోలికి రాకు అన్నాడు. ఆవిడ గుండుసూదులు ఏరి డబ్బాలో వేసుకుంది.

గురువారం పదీ నలభై అయిదు. వాకిట్లో ఎండ. పెద్దవాళ్ళ కార్లు ఇంకో పది నిమిషాల్లో వస్తాయి. గేటు దగ్గర మళ్ళీ టేబుల్, మళ్ళీ ట్రేలు. చీఫ్ కూడా వచ్చి తన బెల్టు, వాచీ తీసి ట్రేలో పెట్టాడు. ఇంటిదొంగ దొరకలేదు కానీ ఈ గేటు దాటి గుండుసూది కూడా పోదని కెప్టెన్ రిపోర్ట్ చేశాడు. అంతా అయిపోయినట్టే కదా అన్నాడు చీఫ్.

"ఒకటి మిగిలింది సార్," అన్నాడు తాతగారు.

అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన చీఫ్‌ను కాదు, కెప్టెన్ బూట్లను చూస్తున్నాడు.

"నా పళ్ళు తీయించారు. తప్పులేదు, డ్యూటీ. కానీ పోయిన నెల మీకు జ్వరమొచ్చి రాని సోమవారం ఒకటుంది. ఆ రోజు చదివిన పని క్షేమంగా జరిగిపోయింది. మీరు ఉన్న మూడు సోమవారాలవీ దొరికిపోయాయి. ఆదివారం పార్కులో కూర్చుని అదే ఆలోచించాను."

"అంటే నేనా?" కెప్టెన్ గొంతు లేచింది.

"మీరు కాదు బాబూ. మీతో పాటు లోపలికి వచ్చేది. దాన్ని ఇక్కడ ఎవరమూ చూడలేదు. ఎలా అడుగుతాం? అడగడానికి మాకే సిగ్గేసింది."

కెప్టెన్ సార్జెంట్ వైపు చూశాడు. సార్జెంట్ తల దించుకున్నాడు. చీఫ్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. కెప్టెన్ తన పాంటు పిక్క దగ్గర చూసుకున్నాడు. లావుగా ఉంది, అలా ఎందుకు చేశారన్న భార్య ప్రశ్న గుర్తొచ్చింది. అవును, ఎందుకు చేసింది? కాలు సన్నగా ఉంటే తేలిక. లావు చేయాలంటే లోపల ఏదో పట్టాలి.

శనివారం తను చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రోజు, గంట, వచ్చేవాళ్ళ పేర్లు.

"స్టూలు," అన్నాడు.

సార్జెంట్ తన స్టూలు తెచ్చి వేశాడు. వాకిట్లో యాభై మంది ఉన్నారు. కెప్టెన్ కూర్చుని పాంటు పైకి లాగాడు. పిక్క దగ్గర పట్టేసింది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని కత్తెర అందుకున్నాడు. మొండి కత్తెర, గుడ్డ తెగలేదు. వాచీ చూశాడు. మూడేళ్ళుగా గడియ పెట్టుకుని విప్పినవాడు, లేచి ఒంటికాలి మీద నిలబడి, యాభై మంది ముందు పాంటు విప్పేశాడు. చారల చెడ్డీ. కింద ఒక నిజం కాలు, ఒక గులాబీ రంగు ప్లాస్టిక్ కాలు. నేల చీలితే బాగుండుననిపించింది. నేల చీలలేదు. టెలిఫోన్ ఆపరేటర్ ముఖం పక్కకి తిప్పుకుంది.

కాలు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని, ట్రేలో ఉన్న తాతగారి కటింగ్ ప్లయర్‌తో పైతొడుగు చీల్చాడు. లోపల అగ్గిపెట్టె అంత రికార్డర్. ఎర్రలైటు వెలుగుతూ, అప్పటికీ అందరి మాటలూ వింటోంది. దాని కింద రాడ్‌కి చుట్టి బూడిదరంగు ముద్ద, దానికి రంగురంగుల తీగలు, చిన్న గడియారం. గడియారం తొమ్మిది నిమిషాలు చూపిస్తోంది.

"బాంబు," అన్నాడు మామూలు గొంతుతో. "గేటు ఖాళీ చేయండి. కార్లు మలుపు దగ్గరే ఆపండి."

సార్జెంట్ విజిల్ ఊదాడు. యాభై మందీ రెండు నిమిషాల్లో వెనక గోడ అవతలికి వెళ్ళారు. చీఫ్‌ను ఇద్దరు పట్టుకుని లాక్కెళ్ళాల్సి వచ్చింది. తాతగారు మాత్రం కదల్లేదు. కదలకుండా పట్టుకునేవాడు ఒకడు కావాలి కదా అని కింద కూర్చుని ఆ కాలిని రెండు చేతులా పట్టుకున్నాడు.

కెప్టెన్ నేల మీద బోర్లా పడుకున్నాడు. మందుపాతరల దళంలో అలాగే పడుకునేవాడు. చేతులు వణికాయి. భయంతో కాదు. పాత కాలిలోనూ ఇలాంటి రికార్డరే ఉండి ఉంటుంది, పావురాన్ని చంపించింది తన కాలేనన్న ఆలోచనతో. నాలుగు వారాలుగా, బహుశా అంతకుముందు నుంచీ, సెల్యూట్లు అందుకుంటూ శత్రువు చెవిని లోపలికి మోసుకొచ్చాడు.

"తాతగారూ," అన్నాడు. "సోమవారం మీకు చేసినదానికి..."

"ముందు తీగ సంగతి చూడండి బాబూ. క్షమాపణ చెప్పడానికి ఇద్దరం ఉండాలి కదా."

కెప్టెన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతులు కుదుటపడ్డాయి. రెండు వందల పద్నాలుగుసార్లు చేసిన పని వేళ్ళు మరిచిపోలేదు. ఒక తీగ వదిలాడు. ఇంకోటి వదిలాడు. గులకరాళ్ళు మోకాలి మొండికి గుచ్చుకుంటున్నాయి. నాలుగు నిమిషాలు. రెండు. మూడో తీగ కింద ఇంకో తీగ దాక్కుని ఉంది. మేడమ్ పనితనం చక్కనిది, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఇరవై సెకన్లు. తాతగారు కళ్ళు మూసుకున్నాడు. ప్లయర్ టక్కుమంది. గడియారం రెండు సెకన్ల దగ్గర ఆగిపోయింది.

గోడ అవతలినుంచి సార్జెంట్ తొంగి చూశాడు.

పదకొండూ మూడుకి కెప్టెన్, ఇంకా అదే స్టూలు మీద, గేటు ఫోన్ అందుకుని అవయవాల కేంద్రానికి కలపమన్నాడు. టెలిఫోన్ ఆపరేటర్ కలిపింది. చీఫ్ మనుషులు అప్పటికే జీపులో బయల్దేరారు. వాళ్ళు చేరేదాకా ఆమెను లైన్లో ఉంచాలి.

"మేడమ్, కొత్త కాలు కొంచెం నొక్కుతోంది," అన్నాడు.

అవతల చిన్న నవ్వు వినిపించింది.

"విప్పి చూశారన్నమాట. నమ్మలేకపోతున్నాను."

"ఎన్నాళ్ళుగా పెడుతున్నారు?"

"మొదటి శనివారం నుంచీ. నేనేమీ దాచలేదు కెప్టెన్ గారూ. మీరే దాచారు. మీ గేటువాళ్ళనుంచి, మీ ఆవిడనుంచి, చివరికి మీనుంచి కూడా. అంత మంచి తాళం నేను ఎంత కష్టపడినా చేయలేను."

నాలుగు వారాలు కాదు, రెండేళ్ళు. అవతల తలుపు విరిగిన చప్పుడు, కుర్చీ పడిన చప్పుడు వినిపించాయి. తర్వాత చీఫ్ మనిషి గొంతు, పని అయిందని చెప్పింది. కెప్టెన్ ఫోన్ పెట్టేశాడు. టెలిఫోన్ ఆపరేటర్ తన శాలువా తెచ్చి అతని ఒళ్ళో వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడకి క్షమాపణ చెప్పాలనుకున్నాడు గానీ ముఖం చెల్లలేదు. మర్నాడు వెళ్ళి చెప్పాడు.

రిపోర్టులో ఇంటిదొంగ అన్న గడిలో 'గుర్తు తెలియని పరికరం' అని రాయమన్నాడు చీఫ్. కెప్టెన్ తన నంబరు రాశాడు. పసుపు ఫైలు కూడా వెనక్కి ఇచ్చేశాడు. చీఫ్ దాన్ని అందుకోలేదు.

"నేనూ రెండేళ్ళు నీ బూట్లవైపు చూడలేదు. నా నంబరు కూడా రాయి," అన్నాడు.

ఆ సాయంత్రం పాత కర్రల మీద ఇంటికి వెళ్ళాడు. తలుపు గడియ పెట్టలేదు. భార్య వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. మూడేళ్ళలో మొదటిసారి ఆ మోకాలిని చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. ఆవిడ ఏడవలేదు. సాక్సులకి రక్తం మరకలు చూస్తూనే ఉన్నాను, ఈ పుండుకి మందు రాసి ఎన్నాళ్ళయిందని అడిగి, లేచి మందు తెచ్చింది. లావుగా ఉందని నువ్వు చెప్పకపోతే ఇవాళ ఏడుగురం పోయేవాళ్ళం అని అతను చెప్పాడు. ఆవిడ దూది చింపుతూ, నిన్న అరిచినందుకు మాత్రం నేనింకా మరిచిపోలేదు అంది.

పావురానికి ఒక అక్క ఉంది. పుస్తకాలు బైండింగ్ చేసే షాపు నడుపుతుంది. ఆమెకి నిజం చెప్పడానికి రూల్స్ ఒప్పుకోవు. కెప్టెన్ చీఫ్‌ని అడిగాడు. రూల్స్ పుస్తకం కనిపించడం లేదన్నాడు చీఫ్. ఆదివారం ఉదయం కెప్టెన్ వెళ్ళి, జిగురు గిన్నెల మధ్య నిలబడి, తన కాలివల్లే మీ తమ్ముడు పోయాడని చెప్పాడు. ఆమె చాలాసేపు బల్ల మీద అట్టముక్కని సరిచేస్తూ ఉండిపోయింది. తిట్టినా, కొట్టినా పడటానికి సిద్ధమై వచ్చాడు.

"కూర్చోండి," అంది చివరికి. "నిలబడితే మీకు నొప్పేమో."

అంతకంటే పెద్ద దెబ్బ అతను జీవితంలో తినలేదు. తమ్ముడు సగంలో వదిలిన పని ఎవరు చేస్తారని ఆమె అడిగింది. పంపితే తనే వెళ్తానన్నాడు. ఎప్పుడు వెళ్తారని ఆమె మళ్ళీ అడిగింది. అప్పటిదాకా అతనికి ఫీల్డ్ డ్యూటీ అంటే తన కోసం కావలసిన వస్తువు. ఆ షాపులోంచి బయటికి వచ్చేటప్పుడు అది ఇంకొకరికి ఇచ్చిన మాట అయింది.

నెల తర్వాత మెడికల్ బోర్డు కూర్చుంది. ముగ్గురు డాక్టర్లు. కెప్టెన్ మెట్లు ఎక్కాడు, దిగాడు, బరువు మోశాడు. కాలు విప్పమనేలోపే విప్పి టేబుల్ మీద పెట్టాడు. సిగ్గు పోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాలు మాత్రం టేబుల్ మీదే ఉంది. పెద్ద డాక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపల టార్చి వేసి చూశాడు. తర్వాత ఫారంలో ఒక గడి దగ్గర కలం ఆపి, ఈ కాలు లేకుండా డ్యూటీ చేయాల్సి వస్తే ఎంతసేపు చేయగలరని అడిగాడు.

"తొమ్మిది నిమిషాలు సార్," అన్నాడు కెప్టెన్. "చెడ్డీ మీద. ఆఫీసంతా సాక్ష్యం."

డాక్టర్ తలెత్తి చీఫ్‌ని చూశాడు. చీఫ్ గంభీరంగా తలూపాడు. డాక్టర్ 'ఫిట్' అని రాసి, సంతకం పెట్టి, పక్కన రిమార్కుల గడిలో ఇంకో వాక్యం చేర్చాడు: 'యూనిఫారం విషయంలో శ్రద్ధ అవసరం.'